ఉపవాసం నాడు రాని నొప్పి

నర్సీపట్నం,
శుక్రవారం.

పూజ్యురాలైన అక్కయ్యకు నీ చెల్లెలు సీత నమస్కరించి రాస్తున్నది. స్వామి దయవల్ల ఇక్కడ మేమిద్దరం కులాసా. మీరిద్దరూ కులాసా అని తలుస్తాను. బావగారి దగ్గు తగ్గిందా?

మీ మరిదిగారి బదిలీ మీద బొబ్బిలి వదిలి ఈ ఊరు వచ్చి ఏడాది కావస్తోంది. పొద్దున్నే కొండల మీంచి మంచు దిగుతుంది. ఆయన ఆఫీసుకు వెళ్ళాక మొదట్లో పలకరించే మనిషి ఉండేది కాదు.

ఆపరేషన్ అయిందని కార్డు రాశాను గానీ, కంగారుపడతావని ఎందుకు చేశారో రాయలేదు. కుట్లు మానాయి. బాగున్నాను, నిజంగా బాగున్నాను.

వేసవి నుంచి అన్నం తిన్నాక కుడి పక్కటెముకల కింద పోటు వచ్చి వీపులోకి పాకేది. బలిఘట్టం గుడిలో నేతి పొంగలి తిన్న రోజు మెలికలు తిరిగిపోయాను. శనివారం ఉపవాసం నాడు మాత్రం నొప్పి ఉండేది కాదు. స్వామి చల్లగా చూస్తున్నాడనుకుని సోమవారం కలుపుకున్నాను, తర్వాత గురువారం. నా భక్తిని ఇరుగుపొరుగు మెచ్చుకుంటుంటే నాకూ బాగానే ఉండేది, అక్కా.

కనిపెట్టింది కృష్ణదేవిపేట వైపు నుంచి విస్తళ్ళు కుట్టే అడ్డాకులు తెచ్చి అమ్మే సోములమ్మ.

"ఏటమ్మా, ఈయాల కూడా ఉపోసమేనా? మీ దేవుడికి నీ వంట నచ్చట్లేదా ఏటి?" అంది. నేను నవ్వాను, తను నవ్వలేదు. "ఉపోసమున్న మనిసి మొకం తేటగుంటాది. నీది నొప్పి దాసుకున్న మొకం. బేగి డాక్టరుకి సూపించుకో."

మీ మరిదిగారికీ తనే చెప్పేసింది. ఆయన విశాఖపట్నం తీసుకువెళ్ళారు. స్కానింగులో పిత్తాశయం నిండా రాళ్ళు.

"తినకపోతే ఆ తిత్తి ముడుచుకోదమ్మా, అందుకే నొప్పి రాలేదు. రాళ్ళు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి" అన్నారు డాక్టరుగారు. రాయి జారి దారిలో అడ్డుపడితే కడుపు వెనకుండే క్లోమం వాస్తుందట. ఏళ్ళ తరబడి అలా వాస్తుంటే క్లోమానికి క్యాన్సరు వచ్చే భయం పెరుగుతుందట. అందరికీ రాదని కూడా అన్నారు. మన ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగితే నాన్నగారు పోయిన సంగతి చెప్పాను. నొప్పి లేకుండా కామెర్లు, చిక్కిపోవడం, నాన్నగారు వద్దంటున్నా మనం తాగించిన పసరు. డాక్టరుగారు అంతా కాగితం మీద రాసుకున్నారు. "అది క్లోమానిదే అయి ఉండొచ్చు" అన్నారు.

తీసిన తిత్తిని పరీక్షకు పంపారు. చెడు ఏమీ లేదని రిపోర్టు వచ్చింది. ఆ కాగితం స్వామి ముందు పెట్టి ఏడ్చాను. సోములమ్మకు దండం పెడితే, "దండమెందుకు, ఆకులు కొను" అంది. రెండు కట్టలు కొన్నాను. ఇప్పుడు రోజూ మా గుమ్మంలోనే కాఫీ తాగి వెళ్తుంది.

ఇక అసలు సంగతి. శనివారానికి తోడు సోమవారం కూడా ఉపవాసం పట్టానని, ఆ రోజుల్లో ఒళ్ళు హాయిగా ఉంటోందని కిందటి ఉత్తరంలో రాశావు. నాలుగుసార్లు చదివాను. తిన్న రోజుల్లో ఎలా ఉంటోందక్కా? అది రాయలేదు నువ్వు.

ఈ ఉత్తరం నీ చేతికొస్తే బావగారికి చూపించవు. అందుకే కవరు మీద ఆయన పేరు రాస్తున్నాను.

బావగారూ, నమస్కారం. అక్క పెద్దది, నా మాట వినదు. మీరే ఈ వారంలో విశాఖపట్నం తీసుకువెళ్ళి స్కానింగు తీయించండి. తను మొక్కుకున్న సోమవారాల సంగతి స్వామికి నేను సర్దిచెప్పుకుంటాను.

మీ ఇద్దరి ఆశీస్సులు కోరే
సీత