తలకిందులైన నీ పసుపు

అక్కా,

నువ్వు లేని తొలి క్రిస్మస్‌కి లాలాగూడ చర్చి హాలుకు సున్నం వేయించారు. గోడ మీదున్న, నువ్వు వేసిన నీలం పసుపు రంగుల పెయింటింగును దించి, మొన్న శనివారం మళ్లీ తగిలించారు. నిన్న జరిగింది నువ్వు చూడాల్సింది.

ఆ పెయింటింగు మీద సంఘంలో రగడ నీకు తెలిసిందే. సగం మంది దాన్ని చూస్తే ప్రాణం నెమ్మదిస్తుందంటారు. మిగతా సగం ఆ మేకుకు మంచి కాపరి యేసు పటం తగిలించమంటారు. వాళ్లకు నాయకుడు సంఘ పెద్ద దేవదానం తాత. "ఏందమ్మా గిది? రంగులు ఒలకవోసినట్టున్నది. ఉల్టా పెట్టినా ఎవ్వలు గుర్తువట్టరు" అని నీ ముఖం మీదే అనేవాడు. నువ్వేమో నవ్వి, "అది ఏదో కాదు తాతా, అది అదే" అనేదానివి.

నిన్న ఆరాధన అయ్యాక అందరం హాల్లో టీ తాగుతున్నాం. లోపలికి వస్తూ తాత గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎవడ్రా తగిలించింది? ఉల్టా పెట్టిండ్రు! గా పసుపు కింద ఉండాలె. నీలమంతా దాని మీద ఆనుకొని ఉండె."

నువ్వు సంతకం ఎప్పుడూ వెనకే పెట్టేదానివి కదా. నీ తరఫున గొంతు చించుకుని వాదించే మాలో ఒక్కరికీ అది తలకిందులైందని తెలియలేదు. ఇద్దరు కుర్చీలెక్కి తిప్పి పెట్టేదాకా తాత కదల్లేదు.

పాస్టరు అయ్యగారు ఊరుకోక, "ఇంతకీ అదేమిటి తాతా?" అని అడిగారు.

తాత నీలా నవ్వలేదు, కసురుకున్నాడు.

"గది ఏదో కాదు అయ్యగారూ. గది గదే."