తోకలో పెట్టిన బిళ్ళ

స్మృతి నగర్, భిలాయి

చిరంజీవి రమాకాంత్‌కి వదిన ఆశీస్సులు.

ఫోన్లో చెబితే మీ అన్నయ్య వింటారని ఉత్తరం రాస్తున్నాను.

విశ్వకర్మ పూజనాడు ఆయన రిమోట్‌తో ఎగరేసే కొత్త బొమ్మ విమానంలో బ్యాటరీని ముందుకూ వెనక్కూ జరిపి, రెక్కల కింద రెండు వేళ్ళ మీద సమంగా నిలబెట్టారు. ఆ తర్వాత నేను బొట్టు పెట్టి, క్షేమంగా దిగాలని ఆంజనేయస్వామి ఇత్తడి బిళ్ళను తోకలో దూర్చాను. తోక బరువైతే విమానం మాట వినదని ఆయన చెప్పింది గుర్తు రాలేదు. మైదానంలో అది నిలువుగా లేచి, తిరగబడి కూలింది. ఆయన చూడకముందే బిళ్ళ తీసేశాను.

"నా చెయ్యే వణికిందే. ఇంకేటి ఎగరేస్తాను? బస్, ఇక చాలు!" అని రిమోట్ అటకెక్కించారు. ఆయన చెయ్యి వణకలేదు నాయనా. ఆదివారం వచ్చి, తోక బరువైందని నీకు తోచినట్టే చెప్పు. అది నేను చెప్పాల్సిన మాటే, నోరు రావడం లేదు. ధైర్యం వచ్చేదాకా ఈ కాగితం నీ దగ్గరే ఉంచు, ఆయనకు చూపించకు.