బాలింత గదిలో అరిచే పెట్టె

చెల్లీ మార్తమ్మా,

నువ్వు బాగుండావా? నాయనకు ఆయాసం తగ్గిందా? అమ్మ మోకాళ్ళు ఎట్టుండాయి? పైన అన్నీ నయమైపోతాయంటారు, అయినా అడక్కుండా ఉండలేను.

నా మనవరాలు సునీత ఆత్మకూరు ఆస్పత్రిలో ఆడబిడ్డను కనింది. ఉదయగిరికి తెచ్చుకున్నాం. చలిగా ఉండాదని సునీత అత్త కిటికీ మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి, మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టింది. నీ పురుడుకీ అట్టే పెట్టినారు. పొద్దున తలుపు తీసింది నేనే, నువ్వు లేవలేదు. అందుకే కుంపటి వద్దంటే సునీత అత్త వినలేదు.

సునీత మొగుడు కువైట్ నించి ఒక పెట్టె తెచ్చినాడు. కంటికి కనపడని, వాసన లేని బొగ్గు విషాన్ని అది పసిగట్టి అరుస్తుందంట. మంచం తలాపున, పడుకున్న మనిషి ముక్కు ఎత్తున గోడకు తగిలించినాను.

"ఏంది పెద్దమ్మా, బొమ్మలు తగిలిస్తుండావు?" అని నవ్వింది సునీత అత్త.

మేము అన్నానికి కూర్చున్నామో లేదో, వీధంతా వచ్చేటట్టు అరిచింది చెల్లీ! తల్లినీ బిడ్డనూ బయట పంచలోకి తెచ్చేసినాం. బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు నాకెంత హాయిగా ఉండిందో. సునీత అత్తే కుంపటి దొడ్లోకి మోసుకుపోయింది.

పెట్టెకూ ఆయుస్సు ఉండాదంట, కొన్నేళ్ళకు మార్చాలంట. ఇప్పట్నించే ఆ దిగులు పట్టుకుంది.

బిడ్డకు నీ పేరే పెట్టినాం. ఈస్టరు నాడు తెల్లవారుజామున నీ సమాధి కాడికి ఎత్తుకొస్తాను. గాలి తగులుతుందని మొగానికి గుడ్డ కప్పమంటారు, నేను కప్పనీను.

మీ అక్క