నాన్న తోమిన బంపరు

అమ్మకు,

నీ పెద్దకూతురు నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. నాన్నా నేనూ ఇంకా జుట్లు పట్టుకోలేదు కాబట్టి క్షేమమనే అనుకోవాలి. చెల్లీ, పసిదీ బాగున్నారని చదివి ప్రాణం కుదుటపడింది. పాప రాత్రంతా ఏడుస్తోందని రాశావు. ఇక్కడ పగలంతా ఏడుస్తున్నది నేను.

నాన్న వేళకు తింటున్నారా అని అడిగావు. శుభ్రంగా తింటున్నారు, నా బుర్రతో సహా. షెడ్డులో పనెలా ఉందని కూడా అడిగావుగా, విను.

ఇప్పుడు చాలామందికి పాత కార్ల క్రోమ్ బంపర్లు నల్లగా కావాలి. క్రోమ్ మరీ నున్నన, రంగు దాన్ని పట్టుకోదు. జిడ్డు కడిగి, గరుకు కాగితంతో మెరుపు చచ్చేదాకా రుద్ది, ప్రైమర్ కొట్టి, ఆపైన రంగు వేయాలి. ఆ పని నాది. మెరుపే కావాలనే వాళ్ల బంపర్లు తోమడం నాన్న పని. కానీ నేను అన్నానికి అటు వెళ్లడమే ఆలస్యం, ఇటు వచ్చి నా బంపర్లకు కూడా పాలిష్ పట్టించేస్తారు! జన్మంతా క్రోమ్‌తోనే గడిపిన మనిషి, చాదస్తం అనుకున్నాను. "నాన్నా, నీకు దండం పెడతాను, నావి ముట్టుకోకు" అంటే "సరేలేమ్మా" అంటారు. మర్నాడు మళ్లీ మామూలే.

మొన్న టాక్సీ ఆయన బంపరుకు పాలిష్ మైనం అంటిన సంగతి నేను చూసుకోలేదు. రంగు వేసి ఇచ్చేశాను. నిన్న ఆయన తిరిగొచ్చి, నా కళ్లముందే గోటితో గీరితే ఉడికిన బంగాళాదుంప తొక్కలా ఊడొచ్చింది. "ఇదేం పనమ్మా?" అన్నాడు. తల కొట్టేసినట్టయింది. ఆయన వెళ్లగానే నాన్న మీద విరుచుకుపడ్డాను.

"మెరుపు పోవాలనే రుద్దానని కనిపించట్లేదా నీకు?"

నాన్న గుడ్డ మడతపెడుతూ కూర్చున్నారు. "కనిపించట్లేదమ్మా. అంతా పొగపొగగా ఉంటోంది. ఏది నీదో ఏది నాదో తెలియక, చేతికి గరుకు తగిలిందల్లా తోమేస్తున్నా."

ఉత్తరం చివర నాన్న రెండు ముక్కలు ఎందుకు రాయడం లేదని అడిగావే, అదీ సంగతి. నీకు తెలిస్తే చంటిదాన్ని వదిలి పరుగెత్తుకొస్తావని నిన్ననే నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను. నాకు భయం వేసిందమ్మా. ఇన్నాళ్లూ పక్కనే ఉండి తిట్టానే తప్ప కనిపెట్టలేకపోయాను.

ఇవాళ కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. శుక్లాలట, ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందట. హమ్మయ్య అనుకునేలోపే నాన్న కుర్చీలోంచి లేచారు. "అయితే మా ఆవిడ వచ్చాకే చేయండి" అన్నారు. "నేనున్నాను కదా" అంటే, "నువ్వెప్పుడూ ఉంటావులే. కట్టు విప్పగానే ఎదురుగా మీ అమ్మ ఉండాలి" అన్నారు, డాక్టరు ముందే!

బంపర్లు రుద్దేది నేను, మాటలు పడేది నేను. ఆయన చూడాల్సింది మాత్రం నీ మొహమట. చెల్లికి సర్దిచెప్పి త్వరగా బయలుదేరి రా తల్లీ, నీకు పుణ్యముంటుంది.

ఇట్లు,
నీ మొగుడితో వేగలేకపోతున్న
నీ పెద్దమ్మాయి