తాగమన్న గహ్వా

చెల్లెలు నాగమ్మకు, తాయిఫ్ నుంచి అన్న ఓబులేసు దీవించి రాయునది.

నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది, తప్పులుంటాయి, ఏమనుకోవద్దు. ఫోన్లో ఈ మాట చెప్పడం నాకు చేతకాక రాసి, సెలవు మీద వచ్చే డ్రైవరు చేతికిస్తున్నాను. పాప చేత చదివించొద్దు, ఇది వాళ్లమ్మ సంగతి. నువ్వే కూడబలుక్కుని చదువు. మీరంతా బాగున్నారా? నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నేను బాగున్నాను. నీ కూతురు రవణమ్మ కూడా ఒంట్లో బాగుంది.

ఇక్కడ కొండ మీద చలి ఇంకా పోలేదు. తోటలో గులాబీలు కోతకొచ్చాయి. తిండికి కొదవ లేదు, సంగటి తప్ప.

నేనొక తప్పు చేశాను. పోయిన శుక్రవారం మా ఇద్దరి యజమాని సాలెం గారు నా గదికి వచ్చాడు. మన రవణమ్మకు మొగుడు పోయినట్టే భార్య పోయిన మనిషి, నాకంటే రెండేళ్లే చిన్న. గహ్వా, అంటే వీళ్ల కాఫీ, పోసిచ్చాను. ముట్టకుండా కింద పెట్టి, రవణమ్మ పేరెత్తి ఏదో నిదానంగా అడిగాడు. నాకొచ్చిన అరబీ తోటపనికి సరిపోతుంది, అంతే. ఇంటికొచ్చిన మనిషి తాగకుండా కూర్చుంటే మనకు బాగుండదు కదా. "తాగండయ్యా, చల్లారిపోతుంది" అన్నాను. ఆయన నవ్వి, తాగి, నా నెత్తి మీద ముద్దు పెట్టి వెళ్లాడు. ఆనక డ్రైవరు చెప్పాడు, ఇక్కడ పిల్లనడగను వచ్చినవాళ్లు పెద్దలు ఒప్పుకునేదాకా గహ్వా ముట్టరంట. తాగమంటే పిల్లనిచ్చినట్టేనంట. నాకు తెలీదమ్మా.

రవణమ్మ పరుగున వచ్చింది. "గుక్కెడు కాఫీకి నన్ను ఇచ్చేస్తివా మామా!" అంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

సాలెం గారి తల్లి, ఎనభై దాటిన ముసలమ్మ, మమ్మల్నిద్దరినీ పిలిపించింది. ఆమెను పడుచుతనంలో సముద్రం అవతలి నుంచి తెచ్చి ఈ ఇంటికి అమ్మారంట. సాలెం గారి తండ్రి, పెద్ద షేకు, జనానాలో బానిసగా ఉంచుకున్నాడంట. కొడుకు పుట్టాక నిఖా చేసుకున్నాడంట. ఇప్పుడామె లేస్తే ఇల్లంతా లేస్తుంది.

"కొన్నప్పుడు నన్నెవరూ అడగలేదు. ఉంచుకున్నప్పుడు అడగలేదు. పెండ్లాడినప్పుడూ అడగలేదు, బంగారం పెట్టారు. ఈ పిల్లను అడగందే ఆ గహ్వా చెల్లదు" అంది. రవణమ్మ ఇంటికి పోతానంటే, దేశం దాటనిచ్చే ఎగ్జిట్ కాగితం కొడుకు చేత తానే వేయిస్తుందంట. రవణమ్మ జవాబుకు గులాబీలు అయిపోయేదాకా గడువు.

రవణమ్మ పూలు ఏరుతూ, "ఇంటికి పోతే నా బిడ్డ చదువెట్ల మామా? ఈడుంటే నా బిడ్డెట్ల?" అంటుంది. నేను తల వంచుకుని కోస్తుంటాను. నీకేం కావాలే అని నేను కూడా అడగలేదు నాగమ్మా. మేనమామనయ్యుండీ నాకు నోరు రాదు. నువ్వు ఫోన్ చేసి అడుగు. నీ మాట చెప్పొద్దు, అడుగు.

మీ వదినకు ఈ కాఫీ సంగతి చెప్పొద్దు, తిడుతుంది. పెద్దన్నకు నా దండాలు. పాపకు ముద్దులు.

రవణమ్మ ఏమందో వెంటనే జవాబివ్వు. కొమ్మల మీద పూలు తగ్గిపోతున్నాయి.

మీ అన్న,
ఓబులేసు