కిక్ రాడ్ లేని మోటారుసైకిలు

టెల్కో కాలనీ,
ఆగస్టు 4

మహారాజశ్రీ కూర్మారావు మావయ్య సముఖమునకు మేనల్లుడు సూరజ్ నమస్కరించి వ్రాయునది.

ఫోన్ చేస్తే నా మాట మీకు వినబడదు, మీ టీవీ తప్ప నాకేమీ వినబడదు. అందుచేత తపాలా శాఖను ఆశ్రయించాను.

పర్సుడీహ్‌లో పాత ఇనుము కొనే కబాడీ కొట్టులోంచి ఒక మోటారుసైకిలును రక్షించాను. దాని పేరు, ఊరు, వయసు తెలియవు. నంబరు ప్లేటు లేదు. ఒంటి సిలిండరు, దాని మీద ఏడు పొరల రంగు. కిక్ రాడ్ లేదు. బజారులో దొరికే ఏ రాడ్డూ దానికి పట్టడం లేదు.

నాన్న వరండాలో దాన్ని చూసి తీర్పు చెప్పారు: "విశ్వకర్మ పూజ దాకా టైము. ఆ రోజు కిక్కు కొడితే స్టార్టవ్వాల. తోసి స్టార్ట్ చేత్తే లెక్కలోకి రాదు. బండి నిన్ను మొయ్యాలగానీ, నువ్వు బండిని మొయ్యడమేటి? అవ్వకపోతే తిరిగి కబాడీకే."

టాటానగర్ లోకో షెడ్డులో జీవితమంతా యంత్రాల నాడి చూసిన మీరే దీన్ని గుర్తుపట్టాలి.

చిత్తగించవలెను,
సూరజ్

తా.క. అమ్మ చూడగానే గుర్తుపట్టేసింది. "దరిద్రం" అంది. అది కంపెనీ పేరు కాదనుకుంటాను.


ఇచ్ఛాపురం,
ఆగస్టు 11

చిరంజీవి సూరజ్‌కి మావయ్య దీవించి రాయించేది.

కంటికి ఆపరేషనయ్యింది, కట్టు కట్టారు. నీ ఉత్తరం మీ అత్త చదువుతంది, నేను చెప్పింది ఆవిడే రాత్తంది.

ఏటిరా, ప్లేటు లేని బండి కొన్నావా? బాగ్‌బేరా క్వార్టర్సులో ఉన్నప్పుడు నాకూ రాజ్‌దూత్ ఉండేది. ముప్ఫై ఏళ్ల కిందట ఏ దొంగ సచ్చినోడో వాకిట్లోంచి ఎత్తుకుపోయాడు. ఇప్పటికీ ముందు వాడికో శాపం పెట్టి, తరవాత ముద్ద నోట్లో పెట్టుకుంటాను.

సరే, ఆ రంగు గీకు. ఫ్రేము మీద ఏదైనా కొట్టి ఉంటే కాగితం పెట్టి పెన్సిలు రుద్ది పంపు.

మీ మావయ్య

తా.క. ఇది నేను, అత్తను. అల్లం టీ అని అరగంట నుంచి అరుత్తన్నారు. అల్లం దంచాల, ఉంటాను.


టెల్కో కాలనీ,
ఆగస్టు 20

పూజ్యులైన మావయ్యకు,

సైలెన్సరులో కాపురమున్న కందిరీగల కుటుంబాన్ని ఖాళీ చేయించాను. ఇంజను విప్పి, కడిగి, బిగించాను. ఏడు పొరలూ గీకాను.

ఫ్రేము మీద 417 అని కొట్టి ఉంది. మడ్‌గార్డు మీద 417. చైను కవరు లోపల 417. ఆఖరికి సీటు కింద నట్టు మీద కూడా 417. ఇంత ఆత్మాభిమానం గల నట్టును నేను చూడలేదు. 417 అనే మోడల్ మాత్రం ఏ కంపెనీకీ లేదు. పెన్సిలు రుద్దిన కాగితం జతపరిచాను. ఇదేమిటో మీరే తేల్చాలి.

విధేయుడు,
సూరజ్

తా.క. నాన్న రోజూ డ్యూటీకి వెళ్తూ కబాడీవాడి ఫోన్ నంబరు పైకి బట్టీ పడుతున్నారు.


ఇచ్ఛాపురం,
ఆగస్టు 27

చిరంజీవి సూరజ్‌కి మావయ్య రాయించేది.

అది మిలిట్రీ బండి. 417 మిలిట్రీ నంబరు. అలాటిది ఇంట్లో ఉంటే పోలీసులు వత్తారు, శని కూడా వత్తాడు. ముందెవరొత్తారో చెప్పలేను. వెంటనే కబాడీకి ఇచ్చేయి. ఆ నంబరు ఊసు మళ్లీ రాయకు.

మీ మావయ్య

తా.క. చిక్కిపోయావని మీ అమ్మ అంది. పాలు తాగు. ఇక్కడ వంకాయలు లేతగా ఉన్నాయి. ఇది చెప్పింది మావయ్యే.


టెల్కో కాలనీ,
సెప్టెంబరు 5

కీర్తిప్రదాత అయిన మావయ్యకు,

మిలిట్రీ బండి అన్న మీ ఉత్తరంలోని మొదటి వాక్యం చదివి కాలనీలోకి పరుగెత్తాను. పక్క బ్లాకులో ఉండే రిటైర్డు సుబేదారు గణపతిరావుగారు వచ్చి, బండికి సెల్యూట్ కొట్టి, "యుద్ధం చూసిన గుర్రంరా ఇది" అని కళ్లు తుడుచుకున్నారు. పూజనాడు కొబ్బరికాయ ఆయనే కొడతారు. కాలనీ అంతా వస్తుంది.

అన్నీ అమరాయి, కిక్ రాడ్ తప్ప. నాన్న కబాడీవాణ్ణి కూడా పూజకు పిలిచారు. "ప్రసాదం తిని, బండి తోసుకుపోతాడు" అంటున్నారు. ఈ నెల రోజులూ నా గోళ్లలోకి పోయిన గ్రీజు మీద ఒట్టు, నేను తట్టుకోలేను. ఏదైనా దారి చెప్పండి.

దీనుడు,
సూరజ్

తా.క. మిగతా వాక్యాలు ఇప్పుడే చదివాను. శని ఇంకా రాలేదు. పోలీసాయన ఒకరు వచ్చారు. బండితో సెల్ఫీ దిగి వెళ్లారు.


ఇచ్ఛాపురం,
సెప్టెంబరు 12

ఒరే సూరజ్,

కట్టు విప్పారు. ఇది నా చేత్తో నేను రాత్తన్నాను. నీ ఉత్తరాలన్నీ మీ అత్త తలగడ కింద దొరికాయి. మిలిట్రీ ఏటిరా? నేనెప్పుడన్నాను?

417 షెడ్డులో నా టోకెన్ నంబరు. పనిముట్టు మీద నంబరు కొట్టుకోకపోతే మధ్యాన్నానికి ఇంకోడి సంచిలో తేలుద్ది. ఆ అలవాటున బండికీ కొట్టాను. అది నా బండేరా. కిక్ రాడ్ షెడ్డులో నేనే చేసుకున్నాను, అందుకే బజారుది పట్టదు. అది ఆ దొంగతోనే పోయింది. పదిహేడున పూజకి అత్తా నేనూ వత్తన్నాం గానీ, వట్టి చేతులే.

మీ మావయ్య

తా.క. నాయనా, అత్తను. పోస్టు చెయ్యమని ఇది నాకే ఇచ్చారు. వట్టి చేతులు కాదు. ఆ దొంగను నేనే. ఆ బండి మీంచి పడి రెండుసార్లు చెయ్యి విరగ్గొట్టుకున్నారు. మూడో కట్టు కట్టించలేక, ఆయన డ్యూటీలో ఉండగా పక్క క్వార్టర్సు ఆదిబాబు చేత పర్సుడీహ్ కబాడీకి తోయించేశాను. ఎవడూ కిక్కు కొట్టి పడకుండా రాడ్డు పీకి దాచాను. ముప్ఫై ఏళ్లుగా ఆయన శాపం పెడతారు, నేను కూర పెడతాను. రాడ్డు కడిగి సంచిలో పెట్టాను. 417 అరిగింది గానీ కనిపిత్తంది. బండి నువ్వే నడుపు, ఆయన్ని వెనకాల కూచోబెట్టు. ఇన్నాళ్లూ అల్లం దంచింది ఆ రాడ్డుతోనే. ఒక్కనాడు వంటింట్లోకొచ్చి ఆయన టీ ఆయన పెట్టుకునుంటే, దొంగ ఎప్పుడో దొరికేది.