‘వహష్తీనీ’లో ఏడు

రమ్జీ,

నేను ఆస్పత్రికి డ్యూటీకి వెళ్తున్నాను. ములూఖియా ఆకు పులుసు పొయ్యి మీద ఉంది, మరగనివ్వకు, వెచ్చబెట్టుకుంటే చాలు.

మన అమ్మాయి జుమానా ఈత వీడియోలు నీ లాప్‌టాప్‌లో ఎందుకు రావడం లేదో ఇప్పుడే చూశాను. ఆ ఫోల్డర్ ఉన్నది హాల్లో కంప్యూటర్‌లో. దాన్ని ఆపేస్తే వీడియోలు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఆన్‌లోనే ఉంచు. నీ లాప్‌టాప్ మళ్ళీ పక్కింటి ఉమ్ షాదీ వైఫై పట్టుకుంది. మ్యాచ్ కోసం అడిగి పెట్టించుకున్నది నువ్వే. మన వైఫైకి మార్చు, లేకపోతే ఆ ఫోల్డర్ కనబడదు.

ఫోల్డర్ పాస్‌వర్డ్ అడిగితే ‘వహష్తీనీ’ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టు. ‘హ’ దగ్గర ఎచ్ కాదు, ఏడు అంకె, ఫోన్లో అరబీ మాటలు ఇంగ్లీషులో కొట్టేటప్పుడు పెడతామే, అలా. నిన్న ఫోన్లో "తప్పంటోంది, నువ్వే మార్చేసుంటావ్" అని నా మీద ఎగిరావు. నేనేం మార్చలేదు. నిశ్చితార్థం రోజుల్లో ట్రామ్ డిపో నుంచి రోజూ నాకు ఆ మాటే పంపేవాడివి, ‘నీ మీద బెంగగా ఉంది’ అని, ఆ ఏడుతోనే. నీ వేళ్ళు మరిచిపోయినట్టున్నాయి.

నువ్వొచ్చేసరికి నేనుండను. నేనొచ్చేసరికి నువ్వుండవు.

షాహినాజ్

అన్నట్టు, ఏడు కావాల్సింది ఫోల్డర్‌కే. శుక్రవారం ఇద్దరం ఇంట్లోనే ఉంటాం. ఆ మాట నాకు నోటితో చెప్పు, చాలు.